చేతి అలవాటు

నందిగామ,
11 జూలై 2004

అత్తయ్యకు మహతి నమస్కారాలు.

నందిగామకూ జగ్గయ్యపేటకూ మధ్య గంట ప్రయాణం, ఇద్దరి ఇళ్లలోనూ ఫోన్లున్నాయి, ఇంకా ఈ ఉత్తరమేమిటని నువ్వు తిట్టుకుంటావని తెలుసు. మీ ఫోను కొట్లో ఉంది. నేను నీతో ఒక మాటంటే గుమాస్తా సుబ్బరాయుడు మొదలుకొని మిరపకాయల బస్తాల మీద కూర్చున్న రైతుల దాకా తలా ఒక సలహా ఇస్తారు. మా ఫోను ముందుగదిలో ఉంది. ముందుగదిలో యామిని ఉంటుంది. పిల్ల వింటుండగా పిల్ల గురించి మాట్లాడలేను. మామయ్యకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి నువ్వు గడప దాటడం లేదు. నేనూ బస్సెక్కలేకపోతున్నాను. ఎందుకో చెబుతాను.

యామిని అంటే నా ఆడపడుచు, భార్గవ చెల్లెలు జయమణి కూతురు. జయమణి జ్వరంతో పోయి ఏడాదిన్నర దాటింది కదా. పిల్లకు మూడేళ్లు. తండ్రి రాజ్‌కిరణ్ మందుల కంపెనీ ఉద్యోగం, నెలలో సగం రోజులు ఊళ్లమీదే ఉంటాడు. అందుకని పిల్లను కొన్నాళ్లు పరిటాలలో తాతగారింట్లో, కొన్నాళ్లు చందర్లపాడులో పెదనాన్న ఇంట్లో, ఆ తర్వాత వీరులపాడులో వరసకు నాయనమ్మ అయ్యే ఆవిడ దగ్గర ఉంచారు. ఈ ఆషాఢంలో మా వంతు వచ్చింది. రాజ్‌కిరణ్ మాఘమాసంలో మళ్లీ పెళ్లి చేసుకుంటున్నాడు. వచ్చే అమ్మాయి తరఫువాళ్లకు పిల్ల వద్దట. "మీరు పెంచుకుంటానంటే సంతోషం, లేకపోతే విజయవాడలో ఒక ఆశ్రమం చూసిపెట్టానండి, మాఘంలోగా ఏదో ఒకటి చెప్పండి," అన్నాడు. భార్గవ ఎప్పుడో సరేనన్నాడు. నోరు తెరవనిది నేనే.

అత్తయ్యా, ఈ పిల్ల ఏడవదు. మొన్న గేటు తగిలి గడ్డం చిట్లింది. నెత్తురు కారుతుంటే చేత్తో నోరు మూసుకుని నిలబడింది. ముట్టుకుంటే కర్రలా బిగుసుకుపోతుంది. ఇడ్లీ ముక్కలు దిండు కింద దాచుకుంటుంది. మా ఇల్లు హైవేకు దగ్గర కదా, బస్సు హారను వినబడితే చాలు, వెళ్లి చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడుతుంది. ఇంకో ఇంటికి పంపిస్తున్నారనుకుంటుంది. అలాంటి పిల్లను బస్సెక్కించి నీ దగ్గరికి ఎలా తీసుకురాను?

దానికి తోడు వాగ్దేవి ఒక వ్యాసం జిరాక్స్ తీసి పంపింది. నాతో జువాలజీ చదివి ఇప్పుడు హైదరాబాదులో పరిశోధన చేస్తోందే, ఆ వాగ్దేవే. కెనడాలో ఎలుకల మీద చేసిన పని అది. కొన్ని తల్లి ఎలుకలు పిల్లల్ని బాగా నాకుతాయి, కొన్ని అంతగా నాకవు. బాగా నాకించుకున్న పిల్లలు పెద్దయ్యాక నిబ్బరంగా ఉంటాయి. తక్కిన వాటికి చిన్న చప్పుడైనా గుండె ఆగినంత పనవుతుంది. భయపడినప్పుడు ఒంట్లో ఒక హార్మోను పొంగుతుంది, ఇక చాలని దాన్ని తగ్గించే ఏర్పాటు మెదడులో ఉంటుంది. ఆ ఏర్పాటుకు ఒక జన్యువు కావాలి. తల్లి సరిగా ముట్టని పిల్లల్లో ఆ జన్యువు చెడిపోదు, కానీ దాని మీద ఒక రసాయనపు ముద్ర పడి, తలుపుకు గడియ పడ్డట్టు మూతపడుతుందట. అదంతా పుట్టిన మొదటి వారంలోనే జరిగిపోతుందట. ఎలుకకూ మనిషికీ చాలా దూరమని కాలేజీలో పాఠం చెప్పేదాన్ని, నాకు తెలియకపోలేదు. అయినా పిల్ల చెప్పులు వేసుకుని నిలబడ్డప్పుడల్లా ఆ గడియే గుర్తొస్తోంది. పడిపోయిన గడియను నేను తీయగలనా? తీయలేనప్పుడు, పెంచుతానని ఏ మొహంతో ఒప్పుకోను?

ఇంకొకటి. నన్నూ పసితనంలోనే మీ ఇంటికి తెచ్చారుగా. వచ్చినప్పుడు నేనెలా ఉండేదాన్ని?

మహతి


జగ్గయ్యపేట,
19 జూలై

ఒసే మహతీ,

నీ కాగితం చదివి మామయ్యకు కూడా వినిపించా. ఆయన మూతి ఇంకా ఒక పక్కకే ఉంది గానీ నవ్వితే తెలుస్తుంది. ఎలుకల దగ్గర నవ్వారు. నలభై ఏళ్లుగా కందిపప్పు గోదాములో వాటితో కాపురం చేస్తున్నదానికి ఎలుకల సంగతి చెబుతావుటే! అవి పిల్లల్ని నాకుతాయో లేదో నేను చూడలేదు. గోనెసంచులు మాత్రం శ్రద్ధగా కొరుకుతాయి.

నవ్వులాటకన్నా గానీ, చదివాక మా పెరడు కళ్లముందుకొచ్చింది. ఇప్పుడు అక్కడ సిమెంటు చేశారు గానీ, నీ చిన్నప్పుడు బావి పక్కన పెద్ద నాపరాయి ఉండేది. పొద్దున్నే కాగులో నీళ్లు మరిగేవి. ఆ రాయి మీద పీట వేసుకుని, చీర మోకాళ్ల పైకి దోపుకుని, కాళ్లు బారజాపుకుని కూర్చునేదాన్ని. కాళ్ల మీద పిల్ల. ముందు నువ్వులనూనె, తర్వాత సున్నిపిండి, చంకల్లో, మెడ మడతల్లో, చెవుల వెనక. చేతులు ముంగిట్లో కట్టెలు విరిచినట్టు కాదు, పూరీ పిండి మర్దించినట్టు మెత్తగా. తర్వాత చెంబుతో నీళ్లు, కళ్లలో పడకుండా నుదుటికి చెయ్యి అడ్డం. ఆఖరికి సాంబ్రాణి. ముందు కొట్లో మిరపకాయల ఘాటు, వెనక పెరట్లో సాంబ్రాణి. ఆ రెండు వాసనలూ నడవాలో కలుసుకునేవి. ఈ వీధిలో పిల్లల్లో సగం మంది నా కాళ్ల మీద పెరిగారు. దేవుడు నాకు పిల్లల్నివ్వలేదు గానీ కాళ్లను ఖాళీగా ఉంచలేదు.

కాబట్టి ఆ కాగితం మడిచి పక్కన పెట్టి, పిల్లకు నూనె రాసి నీళ్లు పొయ్యి. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అన్న పెద్దమనిషి ఎవరో గానీ, ఒక్క పిల్లకు కూడా నీళ్లు పోసి ఉండడు.

నువ్వెలా ఉండేదానివని అడిగావు. లడ్డూలా ఉండేదానివి. అల్లుడిని అడిగానని చెప్పు.

అత్తయ్య


నందిగామ,
22 ఆగస్టు 2004

అత్తయ్యా,

నువ్వు చెప్పినట్టే చేశాను, కాకపోతే నా పద్ధతిలో చేశాను. పొద్దున కాలేజీకి వెళ్లేముందు పావుగంట, సాయంత్రం వచ్చాక పావుగంట. నీళ్లు చెయ్యి పెట్టి చూసుకున్నాను. పిల్ల ఏ రోజు ఎంతసేపు బిగుసుకుంది, ఎక్కడ ముట్టుకుంటే కాస్త సడలింది, అంతా వంటింటి క్యాలెండరులో రాసుకున్నాను. భార్గవ చూసి, "ఇదేంటి, పాలవాడి లెక్కా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది.

మొదట్లో నిలబెట్టిన చోట నిలబడేది. తర్వాత సున్నిపిండి గిన్నె కనబడగానే మంచం కిందికి దూరడం మొదలుపెట్టింది. నిన్న వాంతి చేసుకుంది. చేసుకుని, నేను తిడతాననుకుందేమో, తన గౌనుతోనే నేల తుడవబోయింది. మూడేళ్ల పిల్ల, అత్తయ్యా! నేను బాత్రూములో తలుపు వేసుకుని ఏడ్చాను.

మొక్కై వంగనిది మానై వంగుతుందా అంటారు. ఇది ఇంకా మొక్కేనని నువ్వంటావు. నేను మాత్రం మానునే కదా. నాకు నిజం చెప్పుకోవాలనిపిస్తోంది: పిల్లను ముట్టుకోవడం నాకు చేతకాదు. చెయ్యి వేస్తాను గానీ, ఆ చేతిలో ఏముండాలో తెలియదు. ఎవరి దగ్గర నేర్చుకుంటాను? ఆరో ఏట నన్ను మీ ఇంటి నుంచి నందిగామ తెచ్చారు. అప్పటి నుంచి అమ్మ నన్ను ఒక్కసారి దగ్గరికి తీసుకున్న గుర్తు లేదు. బడి నుంచి వస్తే గుమ్మంలో నిలబడి ఉండేది, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని. "వచ్చావా? కాళ్లు కడుక్కో," అనేది. జడ కూడా పక్కింటి పిన్నిగారే వేసేది. టెన్తులో స్కూలు ఫస్టు వచ్చిన రోజున ఈసారైనా అనుకున్నాను. గుమ్మంలోనే నిలబడింది, చేతులు వెనక్కి. తొంభయ్యారులో అమ్మ పోయినప్పుడు నాకు ఏడుపు రాకపోతే ఊళ్లోవాళ్లు ఏమనుకున్నారో నీకు తెలుసు.

ఆ ముద్ర యామిని మీద పడిందో లేదో గానీ, నా మీద పడింది. గడియ పడ్డ ఇంట్లోకి గడియ పడ్డ పిల్లను తేవడం న్యాయం కాదు. దసరా సెలవుల్లో రాజ్‌కిరణ్‌కు వద్దని చెప్పేద్దామనుకుంటున్నాను. నువ్వు కోప్పడకు.

మహతి


జగ్గయ్యపేట,
26 ఆగస్టు (కార్డు)

మహతీ,

కవరు తెప్పించేదాకా ఆగలేక కార్డు రాస్తున్నా. మీ పోస్టుమాను చదువుతాడు, చదవనీ. ఏమయ్యా పోస్టుమానూ, పిల్లకు నీళ్లు పోసి క్యాలెండర్లో మార్కులు వేసే తల్లిని ఎక్కడైనా చూశావా? నువ్వైనా చెప్పు మా మేనకోడలికి.

ఒసే, పరీక్ష పెట్టేవాళ్ల ముందు ఎవరి ఒళ్లు మెత్తబడుతుంది? ఇక దాన్ని ముట్టుకోకు. ఆదివారం పూట నీ ఒంటికి నువ్వు నూనె రాసుకుని, పెరట్లో దానికి కనబడేలా కూర్చో. చూస్తే చూస్తుంది, లేకపోతే లేదు. క్యాలెండరు చింపి పొయ్యిలో పెట్టు.

రాజ్‌కిరణ్‌కు వద్దని రాశావంటే నా ఆన. మీ అమ్మ సంగతి కార్డు మీద రాసేది కాదు.

అత్తయ్య


నందిగామ,
31 అక్టోబరు 2004

అత్తయ్యా,

పోస్టుమాను నీ కార్డు నా చేతికిచ్చి, "మీ అత్తగారు మంచి మాట చెప్పారండి," అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నీ ఆన ఉంది కనుక దసరాకు ఏమీ చెప్పలేదు. ఆదివారాలు పెరట్లో కూర్చుని నూనె రాసుకుంటున్నాను. మొదట్లో కిటికీలోంచి చూసేది. తర్వాత పెరటి గుమ్మంలో కూర్చోవడం మొదలుపెట్టింది. పోయిన ఆదివారం వచ్చి గిన్నెలో వేలు ముంచి, నా కాలి బొటనవేలి గోరు మీద ఒక చుక్క నూనె పెట్టి లోపలికి పారిపోయింది. నేను ఆ కాలు కడుక్కోకుండా చాలాసేపు కూర్చున్నాను. భార్గవకు చెబితే, "అయితే పాస్!" అన్నాడు. కానీ అదే సాయంత్రం హైవే మీద హారను మోగింది, వెంటనే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. ఆ వేలూ దానిదే, ఆ చెప్పులూ దానివే. నాకు ఏది నమ్మాలో తెలియడం లేదు.

వాగ్దేవికి రాసి అడిగాను. ఆ వ్యాసంలో ఇంకో సంగతి ఉంది. సరిగా నాకని తల్లికి పుట్టిన పిల్లల్ని పుట్టగానే తెచ్చి, బాగా నాకే తల్లి దగ్గర వేశారట. అవి పెంచిన తల్లిలాగే నిబ్బరంగా తయారయ్యాయట. పెద్దయ్యాక కూడా ఒక మందుతో ఆ ముద్రను తీయగలిగారట, ఎలుకల్లో. మనుషుల సంగతి ఇంకా ఎవరికీ తెలియదని వాగ్దేవి ముందే హెచ్చరించింది. అది చదివాక నాకు మన ఇల్లే గుర్తొచ్చింది. ఎత్తుకొచ్చి ఇంకో తల్లి దగ్గర వేసిన పిల్లను నేనే కదా.

మీ ఇంటి రోజులు నాకు బాగా గుర్తు. మామయ్య నన్ను కాటాలో కూర్చోబెట్టి, అటువైపు బెల్లం దిమ్మలు పెట్టి తూచేవాడు. "ఇవాళ మహతి అరదిమ్మ పెరిగింది," అని కొట్లో అందరికీ చాటేవాడు. తిరునాళ్లకు పెనుగంచిప్రోలు వెళ్లినప్పుడు మునేరు వాగులో ఇసుక చెలమ తవ్వి నీళ్లు తాగించావు. ఇవన్నీ గుర్తే. అంతకు ముందుది ఏదీ గుర్తు లేదు, ఎవరూ చెప్పరు. నాన్నను నిన్న అడిగాను. పేపరు దించకుండా, "మీ అత్తయ్యనడుగు," అన్నారు. నన్ను మీ ఇంటికి ఎప్పుడు తెచ్చారు? ఎందుకు తెచ్చారు? లడ్డూ అని మళ్లీ రాయకు.

మహతి


జగ్గయ్యపేట,
28 నవంబరు

తల్లీ మహతీ,

నెల్లాళ్లుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి ఆపేస్తున్నా. మీ అమ్మకు మాటిచ్చా, చెప్పనని. ఆ మనిషి పోయి ఎనిమిదేళ్లయింది, నీకు పెళ్లయింది, ఇంకా ఎవరి కోసం దాచాలని మామయ్య నిన్న అడిగారు. ఆయన మాట ముద్దగా వస్తుంది గానీ అడగాల్సింది బాగానే అడుగుతారు.

నువ్వు కడుపులో ఉండగా మీ అమ్మకు దగ్గు మొదలైంది. నువ్వు పుట్టాక పరీక్ష చేస్తే క్షయ అన్నారు. అప్పటికి సుందరికి ఇరవై ఏళ్లు. బాలాత్రిపురసుందరి అని నోరారా పిలవడానికి తీరికెక్కడిది, అందరం సుందరీ అనేవాళ్లం. "పిల్లను ముట్టుకున్నావంటే చంపుకున్నట్టే," అన్నాడు డాక్టరు. ఆ మాట ఆయన మంచికే అన్నాడు. పురిటి మంచం మీదే నిన్ను తీసి వేరే గదిలో వేశారు. తర్వాత ఆమెను శానిటోరియానికి పంపారు.

నిన్ను చూసుకున్నది మా అమ్మ. మీ నాయనమ్మే. చెడ్డ మనిషి కాదు, భయస్థురాలు. తల్లి జబ్బు పిల్లలో కూడా ఉందేమోనని భయం. పాలసీసా తలగడకు ఆనించి నీ నోట్లో పెట్టేది. ఎవరైనా ఎత్తుకోబోతే, "వద్దు, చేతి అలవాటవుతుంది," అనేది. ఉయ్యాలకు తాడు కట్టి గది బయట నుంచి ఊపేది. మీ నాన్నకు అప్పుడు తన కొట్టూ ఆసుపత్రీ తప్ప ఇంకేమీ తెలియదు.

నిన్ను చూడ్డానికి నేను వచ్చేసరికి నీకు పదో నెల. లడ్డూ కాదు, మహతీ, చింతబరికెలా ఉన్నావు. ఉయ్యాల మీదికి వంగితే నా మొహం వైపు చూడలేదు, గోడ వైపు చూశావు. తడిసి ఉన్నావు, ఆకలి మీద ఉన్నావు, ఏడవలేదు. ఏడ్చినా ఎవరూ రారని నేర్చుకున్నావు. నేను ఎవరినీ అడగలేదు. నిన్ను చీర కొంగులో చుట్టుకుని అప్పటికప్పుడు బస్సెక్కేశా.

నీళ్లు పోద్దామని కాళ్ల మీద వేసుకుంటే నీ ఒళ్లు బల్లలా బిగుసుకుంది. పక్కింటివాళ్లు మూగపిల్లేమో అన్నారు. రోజూ పోశా. ఏ రోజున మెత్తబడ్డావని అడుగుతావేమో, నాకు తెలియదు. నేను రాసి పెట్టుకోలేదు. ఒక చలికాలం నాకు జ్వరమొచ్చి లేవలేకపోతే, సున్నిపిండి గిన్నె ఈడ్చుకుంటూ నువ్వే నా మంచం దగ్గరికి వచ్చి కూర్చున్నావు. అప్పటికి నీకు రెండేళ్లుంటాయేమో. వాగ్దేవికి చెప్పు, నాకు తెలిసింది ఇంతేనని.

ఇక మీ అమ్మ సంగతి. నీ రెండో ఏట ఆమె జబ్బు నయమైంది. ఇక పిల్లను ఎత్తుకోవచ్చని డాక్టరే చెప్పాడు. నిన్ను తీసుకుపోదామని వచ్చింది. నేను పెరట్లో నీకు నీళ్లు పోస్తున్నా. "రా సుందరీ, నీ పిల్ల, నువ్వే పొయ్యి," అని పీట మీంచి లేచా. కూర్చుంది. కాళ్లు చాపింది. నిన్ను అందుకోబోయి రెండు చేతులూ గాల్లో ఆపేసింది. తీసి వెనక్కి పెట్టుకుని, "వద్దు వదినా, నావి మంచి చేతులు కావు," అంది. ఎంత చెప్పినా వినలేదు. నిన్ను నా దగ్గరే వదిలి వెళ్లింది.

ఆ తర్వాత నాలుగేళ్లు నెలనెలా వచ్చేది. నువ్వు చూసి ఉంటావు, నందిగామ నుంచి వచ్చే చుట్టం అనుకుని ఉంటావు. బావి మెట్టు మీద కూర్చుని నీకు నీళ్లు పోయడం అయ్యేదాకా చూసేది, చేతులు వెనకే. "చెవి వెనక రుద్దలేదు వదినా," అనేది. "ఆ మోచేతి దగ్గర గీత పడింది, అక్కడ మెల్లగా," అనేది. నీ ఒంటి మీద పుట్టుమచ్చలన్నీ ఆమెకు తెలుసు. ఒక్కదాన్నీ తాకలేదు.

నువ్వు ఇంటికి వెళ్లాక కూడా అంతే. గుమ్మంలో నిలబడి చేతులు వెనక్కి పెట్టుకునేదని రాశావు. నీ మీద ప్రేమ లేక కాదమ్మా. ఆ చేతులు నీకు తగిలితే నువ్వు చచ్చిపోతావన్న భయం ఒంట్లోంచి పోలేదు. జబ్బు పోయింది, మందులు ఆపేశారు, భయం పోలేదు. క్షయ ఉన్న ఇంటి పిల్లంటే సంబంధాలు రావని, ఈ సంగతి నీకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది.

నీ ఎలుకల కాగితంలో పెద్ద ఎలుకలకు భయం పడితే ఏమవుతుందో రాశారో లేదో. గడియ పడింది మీ అమ్మకు. నీకు నీళ్లు పోయడానికి నేనున్నా. ఆమెకు పోసేవాళ్లు లేకపోయారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

నువ్వు మాత్రం ఏం చేస్తున్నావు ఇప్పుడు? నావి మంచి చేతులు కావని ఆ పిల్ల ముందు నిలబడ్డావు. మీ అమ్మకు ఒక డాక్టరు చెప్పాడు. నీకు ఎవరు చెప్పారు?

అత్తయ్య


నందిగామ,
9 డిసెంబరు 2004

అత్తయ్యా,

అందింది. నాన్న దగ్గరికి తీసుకెళ్లి చదివి వినిపించాను. కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "మీ అమ్మ పోయేముందు ఆసుపత్రిలో నువ్వు నిద్రపోతుంటే నీ జుట్టు ముట్టుకుంది. ఒక్కసారే. నేను చూశా," అన్నారు. ఎనిమిదేళ్లు ఎందుకు చెప్పలేదని అడగలేకపోయాను. అమ్మ కోసం ఇప్పుడు ఏడుస్తున్నాను, ఊళ్లోవాళ్లకు చెప్పు.

ఇంకేమీ రాయలేను.

మహతి


జగ్గయ్యపేట,
24 జనవరి 2005

మహతీ,

నెలన్నర అయింది. నీ దగ్గర నుంచి ముక్క లేదు. నేను రాయకుండా ఉండాల్సిందా అని రోజుకొకసారి అనుకుంటున్నా. మామయ్య గోడ పట్టుకుని కొట్టుదాకా నడుస్తున్నారు. నడిచి వెళ్లి మళ్లీ సుబ్బరాయుణ్ణి కేకలేస్తున్నారు. అందరికీ ప్రాణం లేచొచ్చింది.

రాజ్‌కిరణ్ పెళ్లి శుభలేఖ మాకూ వచ్చింది. ఫిబ్రవరి ఇరవై నాలుగు. ఏం చెప్పావు ఆ అబ్బాయికి? నా ఆన అని ఆగి ఉంటే, ఆ ఆన తీసేస్తున్నా. ఉంచుకోలేనంటే నేనేమీ అనను. పిల్లను పెంచడం మొహమాటం మీద జరిగే పని కాదు. ఏదైనా సరే, నీ నోటితో నువ్వే చెప్పు. ఊరుకోవడం మాత్రం వద్దు, మన ఇంట్లో అందరం ఊరుకునే ఇంతదాకా తెచ్చాం.

అత్తయ్య


నందిగామ,
20 ఫిబ్రవరి 2005, ఆదివారం

మా అత్తయ్యకు,

రాజ్‌కిరణ్ శుక్రవారం వచ్చాడు. ఆశ్రమం వాళ్ల దరఖాస్తు కూడా తెచ్చుకున్నాడు. అతను బూట్లు విప్పుతుండగానే యామిని చెప్పులు వేసుకుని, తన గౌన్ల సంచి మోసుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. తండ్రిని చూసి ఏడవలేదు, నన్ను చూసి ఏడవలేదు. రాజ్‌కిరణ్ మొహం తిప్పుకున్నాడు. అతన్ని తిట్టుకుంటూ వచ్చాను గానీ, అప్పుడు అతన్ని చూస్తే పాపం అనిపించింది.

నేను లెక్కలు వేసుకుని ఉన్నాను, పిల్ల ఫలానా విధంగా మారితే అవునంటాను, మారకపోతే కాదంటాను అని. పిల్ల ఏమీ మారలేదు. ఆదివారాలు నా కాళ్లకు నూనె రాస్తోంది, అంతే. నేను ముట్టుకుంటే ఇంకా బిగుసుకుంటుంది. అయినా నా నోట్లోంచి, "పిల్ల ఇక్కడే ఉంటుంది," అని వచ్చేసింది. రాజ్‌కిరణ్, "ఆలోచించుకోండి అక్కా," అన్నాడు. ఏడు నెలలు ఆలోచించానన్నాను. గడియ ఉందో లేదో, తీయగలనో లేదో నాకిప్పటికీ తెలియదు. నీకు మాత్రం తెలిసి బస్సెక్కావా?

ఇది శుక్రవారం సంగతి. ఇవాళ్టిది వేరే.

పొద్దున పెరట్లో నేను తలంటుకుంటుంటే వచ్చి పక్కన చతికిలబడింది. "నీకూ పొయ్యనా?" అన్నాను. అవుననలేదు, కాదనలేదు, గౌను విప్పేసింది. నూనె రాశాను. బిగుసుకుంది, కానీ పారిపోలేదు. నాకు ఆనందంతో చేతులు ఆడలేదు, ఆ కంగారులో నుదుటికి చెయ్యి అడ్డం పెట్టడం మర్చిపోయి కుంకుడురసం సరాసరి కళ్లలో పోసేశాను.

ఒక్క క్షణం నోరు తెరుచుకుని ఉండిపోయింది. తర్వాత ఏడ్చింది చూడు! అత్తయ్యా, నేను జన్మలో అలాంటి ఏడుపు వినలేదు. మూడున్నరేళ్ల ఏడుపు ఒక్కసారే. పక్కింటి పున్నమ్మగారు గోడ మీంచి తొంగిచూసి, "ఏంటమ్మా, పిల్లనేం చేశావ్?" అని అరిచింది. "ఏడుస్తోందండీ!" అన్నాను. "అది వినబడుతూనే ఉందిగా!" అంది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో ఆవిడకు అర్థం కాలేదు. భార్గవ షేవింగు సబ్బుతోనే పరిగెత్తుకొచ్చాడు.

కుంకుడురసం పోసిందాన్ని నేను. అది తెలుసు దానికి. "అత్త పోసింది, అత్త పోసింది," అని భార్గవకు చెబుతూనే ఉంది. ఎత్తుకుంటానని అతను చేతులు చాపితే వెళ్లలేదు. ఆ నూనె ఒంటితో, మూసుకున్న కళ్లతో తడుముకుంటూ వచ్చి నా మీదికే ఎక్కింది. నా మెడ చుట్టూ చేతులు వేసి, నా భుజం మీద మొహం పెట్టి, నా మీదే ఫిర్యాదు చెబుతూ ఏడ్చింది.

నీళ్లు పోయడం అయింది, సాంబ్రాణి అయింది, అన్నం అయింది. ఇంకా దిగలేదు. కిందికి దించబోతే కాళ్లతో నడుము బిగించేస్తోంది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని ఒక చేత్తో రాస్తున్నాను, అందుకే గీతలు ఇలా వంకరపోయాయి. ఇప్పుడు భుజం మీదే నిద్రపోయింది. బరువుగా ఉంది, చెయ్యి తిమ్మిరెక్కింది, ఇక ఆపుతాను.

మహతి